ఎక్కువ వోల్టేజీ, ఇంట్లో పాటల పెట్టె

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి అన్న ఫోన్ చేసి, "నువ్వు కరెంటు ఇంజనీరువి గదా, అందరికీ పనికొచ్చే ముచ్చట ఏదన్నా చెప్పు. జ్ఞాపకాలు చెప్పేటోళ్లు శానామంది ఉన్నరు" అన్నాడు. అందుకే నేను జ్ఞాపకాల జోలికి ఎక్కువగా పోను. ముప్పై ఏళ్లకు పైగా పవర్ సప్లైల పనిలో ఉన్నాను. మన బస్తీ వాళ్లు పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో కనపడినప్పుడు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇంట్ల యాంప్లిఫయరు మళ్లా పోయింది, గుర్రుమంటున్నది, వేడెక్కుతున్నది. ఏం చెయ్యాలె?" చాలాసార్లు తప్పు యాంప్లిఫయరుది కాదు. గోడలోని ప్లగ్గుది. ఈరోజు ఆ సంగతే మాట్లాడతాను. చివర్లో మన బడికి సంబంధించిన ఒక కోరిక కూడా సంఘం ముందు పెడతాను.

కార్వాన్ అంటే బిడారు. గోల్కొండకూ మూసీకీ మధ్య వ్యాపారుల బిడారులు దిగిన చోటు ఇది. 1578లో పురానాపూల్ కట్టారు. 1671లో మూసా ఖాన్ తోలీ మసీదు కట్టించాడు. ఆ రోజుల నుంచీ ఈ దారెంట దూరదేశాల సరుకు వస్తూనే ఉంది, చేతులు మారుతూనే ఉంది. మేం చదువుకునే రోజుల్లో ఆ సరుకు జెద్దా నుంచి, రియాద్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చేది. ఎవరింట్లో అన్నయ్యో మేనమామో గల్ఫ్‌కు పోతే, రెండేళ్లకు ఒక టూ-ఇన్-వన్ వచ్చేది. ఇంకొంచెం కలిసొస్తే డెక్కు, యాంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు దిగేవి. ఆ భాగ్యం లేనివాళ్లకు జుమ్మేరాత్ బజారు ఉండనే ఉంది. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి ఐసీ, ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటర్లు కొనుక్కుని, రేకు డబ్బాలో సొంతంగా సెట్టు చేసుకునేవారు. ఎల్‌ఏ4440 ఐసీ పేరు చెబితే ఈ హాల్లో కనీసం పదిమంది నవ్వుతారని నాకు తెలుసు. ఈ పెట్టెల్లో చాలా మటుకు ఇంకా మన ఇళ్లలో ఉన్నాయి. నాన్నలు కొన్నవి, అన్నలు తెచ్చినవి. పారెయ్యడానికి మనసొప్పదు. వాటిని ఎలా కాపాడుకోవాలన్నది ప్రశ్న.

ఇంట్లో ప్లగ్గు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలి? అందరూ 230 అంటారు. ఆ లెక్క ఎక్కడిదో చూద్దాం. యూరప్‌లో చాలా దేశాలు 220 వాడేవి, బ్రిటన్ 240 వాడేది. 1990ల మధ్యలో ఇద్దరినీ కలపడానికి 230 అని ఒప్పుకున్నారు. నిజానికి ఊళ్లలో వోల్టేజీ పెద్దగా మారలేదు, కాగితం మీద హద్దులు మాత్రం సర్దారు. మన దగ్గరా 230 అనే రాసుకుంటాం. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో లో-టెన్షన్ వినియోగదారుకు ప్రకటించిన వోల్టేజీ నుంచి హెచ్చుతగ్గులు 6 శాతం మించకూడదని ఉండేది. 230 మీద 6 శాతమంటే 216 నుంచి 244 దాకా. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు గల్లీ మూల ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోదాం. దాని నేమ్‌ప్లేటు మీద 11,000/433 వోల్టులని ఉంటుంది. ఆ 433 రెండు ఫేజుల మధ్య ఉండే వోల్టేజీ. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంతుంటుందో తెలియాలంటే మూడుకు వర్గమూలం, అంటే 1.732తో భాగించాలి. వచ్చేది 250. అంటే లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కొసన 250 వోల్టులుంటాయి. ఇది తప్పు కాదు, కావాలనే అలా చేశారు. సాయంత్రం అందరూ లైట్లు, ఫ్యాన్లు, కూలర్లు, మోటార్లు వేసేసరికి తీగల్లో కొన్ని వోల్టులు పోతాయి. గల్లీ చివరింటికి చేరేసరికి 215, 220 మిగులుతుంది. చివరింటికి కూడా సరిపోవాలని మొదట్లో ఎక్కువ పెడతారు.

మరి రాత్రి పన్నెండు దాటాక, చలికాలం తెల్లవారుజామున ఏమవుతుంది? కూలర్లు లేవు, మోటార్లు లేవు. తీగల్లో పోయేది తక్కువ. ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరగా ఉన్న ఇంటికి దాదాపు ఆ 250 మొత్తం వచ్చేస్తుంది. పైగా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు ట్యాపులుంటాయి, సాధారణంగా మెట్టుకు రెండున్నర శాతం. ఎండాకాలంలో లో-వోల్టేజీ అని జనం గొడవ చేస్తే ఒక మెట్టు పైకి వేస్తారు. అది మార్చాలంటే సప్లై ఆపాలి కనుక, చలికాలం వచ్చాక మళ్లీ కిందికి దించడం ఎవరికీ గుర్తుండదు. మెట్టుకు ఆరు వోల్టులు చొప్పున కలిపితే 256 అయింది. ఎవరూ తప్పు చెయ్యకుండానే మీ పాటల పెట్టెకు హద్దు మించిన వోల్టేజీ అందుతోంది. రాత్రిపూట నెమ్మదిగా పాత పాటలు వినేవాళ్లకే ఇది ఎక్కువగా తగులుతుంది.

ఇక పెట్టె లోపల ఏమవుతుందో చూద్దాం. పాతకాలపు యాంప్లిఫయర్లలో ఇనుప ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, రెండు పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. అంతే. రెగ్యులేటరు ఉండదు. బయట వోల్టేజీ ఎంత శాతం పెరిగితే లోపలా అంతే పెరుగుతుంది. 220కి చుట్టిన 32-0-32 ట్రాన్స్‌ఫార్మరు తీసుకోండి. 220 దగ్గర 32 వోల్టుల ఏసీ, దాని శిఖరం 45, డయోడు నష్టం పోను 44 వోల్టుల డీసీ. గుజరాతీ గల్లీలో 50 వోల్టుల కెపాసిటరు చవక, కాబట్టి అదే వేసి ఉంటారు. ఇప్పుడు 250 ఇవ్వండి. 32 కాస్తా 36.4 అవుతుంది, శిఖరం 51 దాటుతుంది. పాట ఆపి సెట్టు ఆన్‌లో ఉంచితే లోడు ఉండదు కనుక ఇంకా పెరుగుతుంది. 50 వోల్టుల కెపాసిటరు తల ఉబ్బుతుంది, ఒకరోజు టప్పుమంటుంది. అందుకే ఎవరైనా రిపేరుకిస్తే నేను చెప్పే మొదటి మాట, 50 తీసి 63 వేయించండి అని.

మన ఎల్‌ఏ4440కీ అదే కథ. దానికి 13 వోల్టులు ఇష్టం, పాడుతున్నప్పుడు 18 దాటకూడదు. 220కి చుట్టిన 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు వేస్తే 15.6 వస్తుంది, హాయిగా ఉంటుంది. 250 దగ్గర అదే 17.9. అంచు మీద నిలబడ్డట్టే. పెళ్లి ఊరేగింపులో బాగానే పాడిన సెట్టు ఇంట్లో రాత్రిపూట ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైందా? ఊరేగింపులో దానికి బ్యాటరీ కట్టారు.

ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమనడం వేరే సంగతి. ఇనుప కోరు కొంత అయస్కాంత ప్రవాహం వరకే మోస్తుంది. ఆ ప్రవాహం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించిన దాన్ని బట్టి ఉంటుంది. హద్దు దాటితే కోరు నిండిపోయి, కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. రేకులు అదురుతాయి, చుట్ట వేడెక్కుతుంది. స్పీకరులోంచి వచ్చే హమ్ము వేరు, పెట్టెలోంచి నేరుగా వచ్చే గుర్రు వేరు. స్పీకర్ తీగలు తీసేసినా గుర్రు వస్తుంటే అది ట్రాన్స్‌ఫార్మరే. రాత్రి పెరిగి సాయంత్రం తగ్గుతుంటే వోల్టేజీని అనుమానించండి.

అన్నిటికన్నా మెల్లగా చంపేది వేడి. వోల్టేజీ 220 నుంచి 250కి పోతే పెరిగింది 13.6 శాతమే అనిపిస్తుంది. వేడి వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది కనుక అది దాదాపు 29 శాతం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. 10 డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సగం. వాల్వు రేడియోలు దాచుకున్నవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లకొక మాట. 6.3 వోల్టుల ఫిలమెంటు 250 దగ్గర 7 దాటుతుంది. వాల్వుకు పది శాతం మించితే మంచిది కాదు. ఇప్పుడు వాల్వులు దొరకడమే కష్టం.

సౌదీ నుంచి వచ్చిన పెట్టెల సంగతి విడిగా చెప్పాలి. సౌదీలో ఇళ్లకు చాలాకాలం 127 వోల్టులు, పెద్ద యంత్రాలకు 220. ఫ్రీక్వెన్సీ 60 సైకిళ్లు. మనది 50. దుబాయ్, కువైట్‌లలో కూడా 50 కనుక అక్కడి సరుకుతో ఈ తంటా తక్కువ. 127 అని రాసి ఉన్న పెట్టెను నేరుగా మన ప్లగ్గులో పెడితే ఏమవుతుందో చాలామంది కళ్లారా చూసినవాళ్లే. దాని గురించి చెప్పక్కర్లేదు. 220 అని రాసి, పక్కన 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉన్నది ఎక్కువ మోసం చేస్తుంది. దాని కోరు 220ని 60తో భాగించిన లెక్కకు, అంటే 3.67కు కట్టింది. మన దగ్గర రాత్రి 250ని 50తో భాగిస్తే 5. ముప్పై ఆరు శాతం ఎక్కువ భారం. పాడుతుంది, కానీ మండుతూ పాడుతుంది. వెనక పట్టీ మీద 50/60 అని రెండూ ఉంటే భయం లేదు. రికార్డు ప్లేయరైతే ఇంకో చిక్కు. ఏసీ సింక్రనస్ మోటారు ఉన్నది 60కి చేసినదైతే మన దగ్గర ఆరింట ఒక వంతు నెమ్మదిగా తిరుగుతుంది. గాయని గొంతు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. దానికి వోల్టేజీ దించే డబ్బా మందు కాదు, 50కి సరిపడే పుల్లీ మార్చాలి.

ఇంతవరకు చెప్పింది రోజూ ఉండే ఎక్కువ వోల్టేజీ. రెండోది ఒక్కసారిగా వచ్చేది, ప్రాణాంతకమైనది. న్యూట్రల్ తెగడం.

మన గల్లీలోకి నాలుగు తీగలొస్తాయి. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. మీ ఇంటికి ఒక ఫేజు, పక్కింటికి ఇంకో ఫేజు, న్యూట్రల్ అందరికీ ఒకటే. దాని జాయింటు స్తంభం మీద తుప్పు పట్టి వదులైతే, మీ ఇల్లూ పక్కిల్లూ రెండు ఫేజుల మధ్య 400 వోల్టులకు వరుసగా కట్టినట్టవుతాయి. లెక్క సులువు కోసం మూడో ఫేజును పక్కన పెడదాం. పక్కింట్లో గీజరు, ఇస్త్రీపెట్టె కలిపి 1000 వాట్ల లోడు. మీ ఇంట్లో యాంప్లిఫయరు, రెండు లైట్లు కలిపి 100 వాట్లు. ఎక్కువ వాడేవాళ్లకు 36 వోల్టులు మిగులుతాయి, తక్కువ వాడేవాళ్లకు 364 వస్తాయి. ఇంట్లో పొదుపుగా ఉన్నవాడి సామానే కాలిపోతుంది. ఇందులో న్యాయం లేదు, ఓమ్ సూత్రం మాత్రమే ఉంది.

మా బ్యాచ్ మిత్రుడొకడి ఇంట్లో ఇదే జరిగింది. ఆషాఢం, బోనాల రోజులు. గల్లీ పొడుగునా సీరియల్ లైట్లు, మైకులు. వాడు అంతకు వారం ముందే నాకు ఫోన్ చేశాడు. "యాంప్లిఫయరు ఒక్కోసారి గుర్రుమంటది, ఒక్కోసారి నిమ్మళంగుంటది. ఫ్రిజ్ స్టార్టయినప్పుడు ముందు గదిల లైటు ఇంకా ఎలుగుతది" అన్నాడు. ఆ రెండో మాట వినగానే నేను లేచి కూర్చున్నాను. ఫ్రిజ్ మొదలైతే లైటు కాస్త తగ్గాలి. పెరిగిందంటే న్యూట్రల్ వదులైనట్టే. వెంటనే మెయిన్ ఆపి కంప్లయింట్ ఇవ్వమన్నాను. ఇచ్చాడు. ఎవరో వచ్చి మీటరు దగ్గర చూసి, బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయారు. స్తంభం ఎక్కలేదు.

ఐదో రోజు సాయంత్రం న్యూట్రల్ పూర్తిగా పోయింది. ఆ వరుసలో ఏడిళ్లలో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు పోయాయి. వాడి యాంప్లిఫయరు కూడా. అది వాళ్ల నాన్నగారు రియాద్ నుంచి తెచ్చింది. అంతవరకైతే ఇక్కడ చెప్పేవాణ్ని కాదు. లోపలి గదిలో వాళ్ల అమ్మగారు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు మీద ఉన్నారు. అదీ అదే ఫేజు మీద ఉంది, అదీ ఆగిపోయింది. ఇంట్లో ఒక సిలిండరు నిండుగా ఉండబట్టి, మిత్రుడి చెల్లెలు అది తిప్పడం తెలిసిన మనిషి కాబట్టి, ఆ రాత్రి గడిచింది. తెల్లారి అమ్మగారిని చూడబోతే నన్ను కూర్చోబెట్టుకుని, "పాటల పెట్టె వారం నుంచి అరుస్తనే ఉన్నది బిడ్డా, మనమే ఇనలే" అన్నారు.

ఆమె ఇంజనీరు కాదు. కానీ మా రంగంలో నేను విన్న మాటల్లో అది గొప్పది. ఫ్రిజ్ ఫిర్యాదు చెయ్యదు. మోటారు ఫిర్యాదు చెయ్యదు. కరెంటులో తేడా వస్తే మొదట మనిషి చెవికి తెలిసేది యాంప్లిఫయరు ద్వారానే. దాన్ని పాత సామాను గొణుగుడుగా కొట్టిపారెయ్యకండి.

ఇప్పుడు ఏం చెయ్యాలో వరుసగా చెబుతాను.

ముందు కొలవండి. ప్లగ్గులో పెట్టగానే వోల్టులు చూపించే చిన్న డిజిటల్ మీటర్లు ట్రూప్ బజారులో దొరుకుతాయి. ఒక వారం రోజులు ఉదయం ఐదుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి, పదకొండుకు చూసి రాసుకోండి. తేదీ, సమయం, వోల్టులు. ఈ కాగితమే రేపు మీ సాక్ష్యం. "ఎక్కువొస్తున్నది సార్" అంటే ఎవరూ పట్టించుకోరు. "పన్నెండో తారీకు రాత్రి పదకొండుకు 254" అంటే వినక తప్పదు. మీ ఇంటి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంతుందో కూడా చూడమనండి. రెండు మూడు వోల్టులైతే మామూలే. లోడు వేసినప్పుడు పది దాకా పోతే ఎక్కడో జాయింటు బాగాలేదు, లేదా ఎర్తింగు లేదు.

రెండోది ఖర్చు లేని పని. ప్లగ్గు తీసేసి యాంప్లిఫయరు వెనక చూడండి. చాలా జపాన్ సెట్లకు 110, 120, 220, 240 అని స్క్రూడ్రైవరుతో తిప్పే సెలెక్టరు ఉంటుంది. గల్ఫ్ నుంచి వచ్చినవాటిలో అది 220 మీదే నిలిచి ఉంటుంది. మన దగ్గర దాని స్థానం 240. ఒక్క తిప్పుతో లోపలి వోల్టేజీ ఎనిమిది శాతం దిగుతుంది. గుర్రు కూడా చాలాసార్లు అక్కడే పోతుంది.

మూడోది ఫిర్యాదు. 1912కు ఫోన్ చేసి కంప్లయింటు నంబరు తీసుకోండి. స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింటు, ఫేజుల మధ్య లోడు సమంగా ఉందా లేదా, ట్రాన్స్‌ఫార్మరు ట్యాపు ఏ మెట్టు మీద ఉంది, ఈ మూడూ పేరుపెట్టి అడగండి. పని కాకపోతే 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షను కింద ప్రతి డిస్ట్రిబ్యూషన్ సంస్థకూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉండాలి. దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటారు. లాయరు అక్కర్లేదు, మీ కాగితం చాలు. లైన్‌మన్‌తో గొడవ పెట్టుకోకండి. వానలో స్తంభం ఎక్కేది అతనే.

నాలుగోది, అంతా చేసినా రాత్రి 250 ఉంటే చిన్న మందు ఒకటుంది. 230కి 12 వోల్టులు ఇచ్చే 5 ఆంపియర్ల మామూలు ట్రాన్స్‌ఫార్మరు సెకండరీని లైనుకు ఎదురుగా కలిపితే, 250లోంచి 13 తీసేసి 237 ఇస్తుంది. దీన్ని బక్ కనెక్షన్ అంటాం. 5 ఆంపియర్లంటే వెయ్యి వాట్లకు పైగా మోస్తుంది, ఇంటి యాంప్లిఫయరుకు కావలసిన దానికన్నా చాలా ఎక్కువ. ఇందులో టకటకలాడే రిలేలు లేవు, శబ్దానికి తేడా రాదు. అయితే 24 వోల్టులది వెయ్యకండి, సాయంత్రం వోల్టేజీ తగ్గినప్పుడు మరీ కిందికి పోతుంది. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే ఫ్యూజుతో, మూసిన డబ్బాలో చేయించండి. పిల్లలు ప్రయోగం చేసే వస్తువు కాదు. వోల్టేజీ పగలు 190, రాత్రి 255 అయ్యే ఇంటికి ఇది చాలదు. వాళ్లు మంచి సర్వో స్టెబిలైజరు కొనుక్కోవడమే దారి.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజీ కటాఫ్. ఎంసీబీ పక్కనే కూర్చునే చిన్న పరికరం. పెట్టిన హద్దు దాటితే ఇల్లంతా కట్ చేస్తుంది, వోల్టేజీ కుదుటపడ్డాక కాస్త ఆగి మళ్లీ ఇస్తుంది. న్యూట్రల్ తెగినప్పుడు సామాను కాపాడేది ఇదొక్కటే. ఎంసీబీ కాపాడదు, అది ఎక్కువ కరెంటును చూస్తుంది కానీ ఎక్కువ వోల్టేజీని చూడదు. స్పైక్ గార్డు కూడా కాపాడదు. అందులో ఉండే ఎం.ఓ.వి. బిళ్ల మెరుపులాంటి క్షణకాలపు దెబ్బకు పనికొస్తుంది. 360 వోల్టులు నిమిషాల తరబడి వస్తే ఆ బిళ్లే మండుతుంది. కొత్తరకం సెట్లలో ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది కదా, 100 నుంచి 240 అని రాసుంది కదా అంటారు. నిజమే, 250, 260 దాకా దానికి దిగులు లేదు. కానీ లోపల సాధారణంగా ఉండేది 400 వోల్టుల కెపాసిటరు. 300 వోల్టుల ఏసీ శిఖరం 424. అదీ పోతుంది. ఇంట్లో వైద్య పరికరం ఉన్నవాళ్లు కటాఫ్‌తో పాటు నిండు సిలిండరో, బ్యాటరీయో తప్పక ఉంచుకోండి. కటాఫ్ పరికరాన్ని కాపాడుతుంది, కానీ ఆ సమయంలో కరెంటు ఇవ్వదు.

చెయ్యకూడనివి రెండే. హమ్ము పోతుందని ఎర్త్ పిన్ను పీకెయ్యకండి. హమ్ము పోవచ్చు, రేపు పెట్టె రేకు పట్టుకున్నవాడు పోవచ్చు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టకండి. అది పోయేది మీకేదో చెప్పడానికే.

ఇక మన బడి సంగతి. స్వర్ణోత్సవ కానుకగా ఈ హాలుకు కొత్త సౌండ్ సిస్టం, తరగతులకు స్మార్ట్ బోర్డులు ఇవ్వాలని సంఘం తీర్మానించింది. సంతోషం, నా వంతు నేనూ ఇచ్చాను. కొటేషన్లు పిలిచే ముందు హెడ్మాస్టరు గారి అనుమతితో వారం రోజులు మెయిన్ బోర్డు దగ్గర వోల్టేజీ రాయించాను. బడి నడిచే వేళ 236, 238. రాత్రి పదకొండుకు 251. తెల్లవారుజామున 253. ఇది భరించవచ్చు. కానీ ఫ్యాన్లన్నీ వేసినప్పుడు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 9 వోల్టులు వచ్చింది. ఎర్త్ పిట్ ఎండిపోయి ఉంది, బోర్డులో న్యూట్రల్ బార్ స్క్రూలు నల్లబడ్డాయి. ఈ వైరింగు వేసినప్పుడు ఇక్కడ ఉన్నవి ఫ్యాన్లు, ట్యూబులైట్లు, ఒక మైకు. దీని మీద లక్షల విలువైన సామాను పెట్టబోతున్నాం. సామాను పోతే మళ్లీ కొనవచ్చు. ఆ మైకు స్టాండు రేకుదే. ప్రార్థనప్పుడు దాన్ని పట్టుకునేది ఏడో తరగతి పిల్ల.

అందుకని కార్యవర్గం ముందు నా కోరిక ఇది. సౌండ్ సిస్టం బడ్జెట్టులో మొదటి భాగం స్పీకర్లకు కాదు, గోడలోకి పోవాలి. రెండు కొత్త ఎర్త్ పిట్లు, న్యూట్రల్ జాయింట్లన్నీ విప్పి శుభ్రం చేసి బిగించడం, మెయిన్‌లో మూడు ఫేజులకూ ఓవర్ వోల్టేజీ కటాఫ్, హాలు లైనుకు లీకేజీ బ్రేకరు. ఈ పనులతో స్పీకర్ల సైజు కొంచెం తగ్గుతుంది. ఫలకం మీద రాసుకోవడానికి ఎర్త్ పిట్ అంత అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. దాతల పేర్లు దాని పక్కన వేయించినా చూసేవాళ్లుండరు. అయినా ముందు అదే చేద్దాం. పర్యవేక్షణ నాది, కూలి తీసుకోను.

ఫిజిక్సు సార్‌కూ ఒక మనవి. ఒక ప్లగ్గు వోల్ట్‌మీటరు స్టాఫ్ రూములో పెట్టించండి సార్. తొమ్మిదో తరగతి పిల్లలు రోజుకు రెండుసార్లు దూరం నుంచి అంకె చూసి రిజిస్టరులో రాస్తారు, గ్రాఫు గీస్తారు. ఏడాదికి వాళ్ల దగ్గర ఈ బస్తీ కరెంటు చరిత్ర ఉంటుంది. ఓమ్ సూత్రం పరీక్ష కోసం ఒకసారి, తమ ఇంటి కోసం ఒకసారి నేర్చుకుంటారు. రేపు ఏ ఇంట్లోనైనా ఫ్రిజ్ వేస్తే లైటు పెరిగితే, "అమ్మా, మెయిన్ ఆపు" అని మొదట అనేది ఆ పిల్లలే.

కార్యదర్శి అన్న గడియారం చూస్తున్నాడు. నా మాటలు ఇంతటితో చాలిస్తాను. ప్రశ్నలున్నవాళ్లు భోజనాల దగ్గర అడగండి, పాత సెట్లున్నవాళ్లు వెనక పట్టీ ఫోటో తీసి తెచ్చి చూపించండి.